వీరభద్రం దాగలి మీద స్టీలు పట్టీ

నేను ఒక పాత కారు ఎడమ తలుపుకి తొడిగిన స్టీలు అంచుని. చీరకి జరీ అంచు ఎంత అవసరమో కారుకి నేనూ అంతే. లేకపోయినా బండి నడుస్తుంది, ఉంటే మాత్రం నలుగురూ తల తిప్పి చూస్తారు. మూడడుగుల పైచిలుకు పొడుగు, వేలెడు వెడల్పు. వెదురుబొంగుని నిలువునా చీల్చినట్టు పైన ఉబ్బుగా, వెనక బోలుగా ఉంటాను. మెకానిక్కులు నన్ను బీడింగు అంటారు. పేరు ఏదైతేనేం, నా పని మెరవడం. ఇంకే పనీ రాదు.

పుట్టుక గురించి నాకు గుర్తున్నది కొంచెమే. ఎర్రగా కాగిన ఒక నిద్ర, ఆ నిద్రలోనే ఎవరో నన్ను పట్టుకుని లాగుతున్నట్టు, లాగినకొద్దీ పల్చబడుతున్నట్టు ఒక కల. కళ్ళు తెరిచేసరికి ఎక్కడో ఒక కార్ఖానాలో తలుపు మీద ఉన్నాను. నాతోపాటు పుట్టిన కవల కుడి తలుపుకి వెళ్ళింది. అరవై ఏళ్ళుగా ఇద్దరం ఒకే కారు మీద ఉన్నా ఒకరినొకరం ఒక్కసారీ చూసుకున్నది లేదు.

మొదట మమ్మల్ని కొన్నది తణుకు పశువుల డాక్టరు కృపారావు గారు. ఆ కారులో మనుషుల కంటే మందు సీసాలూ, తాళ్ళూ ఎక్కువ ఉండేవి. తెల్లవారుతూనే కాలవగట్ల వెంట బయల్దేరేవాళ్ళం. ఆకాశం, కొబ్బరిచెట్లు, నీళ్ళు నిండిన వరిమళ్ళు, ఎదురొచ్చే ఎడ్లబళ్ళు, అన్నీ నా మీదుగా జారుకుంటూ వెనక్కి వెళ్ళిపోయేవి. ఏదీ ఆగేది కాదు, ఏదీ నాకు అంటేది కాదు. ఊళ్ళో కారు ఆగితే దూడలు వచ్చి నన్ను నాకేవి. ఆ గరుకు నాలుకల కింద నాకు మళ్ళీ నిద్ర ముంచుకొచ్చేది. డాక్టరు గారి దగ్గరున్న ఇరవై ఏళ్ళూ నేను మెలకువగా ఉన్నానో, కలగన్నానో ఇప్పటికీ చెప్పలేను.

డాక్టరు గారు పోయాక బండి షామియానాల సూర్యం చేతికి వెళ్ళింది. అతను దాన్ని పెళ్ళికారు చేశాడు. బంతిపూల దండలు, మెరుపు కాగితాలు, గమ్ము టేపులు. పెళ్ళికొడుకులు దిగబోతూ నాలో చూసుకుని బాసికం సర్దుకునేవారు. పెళ్ళికూతుళ్ళు ఒక్కసారి, ఎవరూ చూడకుండా, చూసుకునేవారు. నాలో ఎవరి ముఖమైనా సాగదీసినట్టే కనబడుతుంది. అయినా అది తన ముఖం కాదని ఒక్కరూ అనుకోలేదు. మనుషులకి తమ మీద ఉన్న నమ్మకం అంతటిది.

ఒక ముహూర్తానికి ఆలస్యమైపోతోందని డ్రైవరు సందులో బండిని వెనక్కి తిప్పబోయాడు. అక్కడ షామియానా గొట్టాలు దింపుతున్న లారీ ఉంది. ఒక గొట్టం నా నడుంలోకి దిగబడింది. మూడు చోట్ల సొట్టలు పడ్డాయి, మధ్యలో విల్లులా వంగిపోయాను. పెళ్ళి మాత్రం సమయానికే అయింది. సగం ఊడి వేలాడుతున్న నన్ను మర్నాడు ఎవరో స్క్రూడ్రైవరుతో పెకలించి డిక్కీలోకి విసిరేశారు. ఆ చీకట్లో ప్లాస్టిక్ మల్లెపూల మధ్య ఎన్నేళ్ళు పడుకున్నానో లెక్క తెలియదు. వానాకాలాలు పైన రేకు మీద చప్పుడు చేస్తూ వెళ్ళిపోయేవి. అంతే.

నన్ను ఆ చీకట్లోంచి తీసినావిడ పేరు ఝాన్సీ. తణుకులో ముప్ఫై ఏళ్ళు డ్రైవింగు స్కూలు నడిపి, ఎందరో ఆడవాళ్ళకి స్టీరింగు పట్టుకోవడం నేర్పి, అరవై దాటాక స్కూలు మూసేసింది. ఇన్నాళ్ళూ ఒకళ్ళ పక్కన కూర్చుని బ్రేకు మీద కాలు పెట్టుకునే బతికాను, ఇక నా కోసం నేను ఒక బండి నడుపుకుంటాను అని మా కారు కొన్నది. ఇంజను బాగుచేయించింది, రంగు వేయించింది. చివరికి నా దగ్గర ఆగిపోయింది. నాలాంటిది కొత్తది ఎక్కడా దొరకదు. ఆవిడ తిరిగిన మూడు షాపులవాళ్ళూ ఒకటే మాట చెప్పారు. ఇది పనికిరాదు, కుడి తలుపుది కూడా పీకేసి, కన్నాలు పూడ్చి రంగు కొట్టేద్దాం అన్నారు.

"ఒక చెవి కమ్మ వంగిందని రెండో చెవిది కూడా తీసి పారేసుకుంటామా?" అని ఆవిడ నన్ను పాత ముతక పంచెలో చుట్టుకుని వచ్చేసింది. ఆ మూడో షాపులోనే ఎవరో వెనకనుంచి, కాలవ పక్కన కంచరి వీరభద్రాన్ని అడిగి చూడమ్మా అన్నారు.

వీరభద్రానిది రేకుల షెడ్డు. ముందు వేపచెట్టు నీడలో రోడ్డు దాకా పని పరుచుకుని ఉంటుంది. ఇత్తడి పనికి పేరున్న అజ్జరం వైపు నుంచి వచ్చిన కుటుంబం. తాతల నాటి నుంచీ ఇత్తడి గుండిగలు, కాగులు, బిందెలు కొట్టినవాళ్ళు. స్టీలు సామాను వచ్చి ఇత్తడిని అటక ఎక్కించేశాక, కారు బాడీల సొట్టలు తీయడం మొదలెట్టాడు. అరవై ఏళ్ళ మనిషి, సన్నగా, పొడుగ్గా, మాట పొదుపు. నన్ను విప్పి చేతిలోకి తీసుకుని ఒకవైపునుంచి కన్ను మూసి చూశాడు. తన వృత్తిని తినేసిన లోహాన్ని అతను అంత మర్యాదగా పట్టుకోవడం నాకు వింతగా తోచింది.

ఇత్తడైతే కాస్త కాల్చితే మెత్తబడుతుందనీ, దీన్ని కాల్చితే నల్లబడిపోతుందనీ, సుత్తి పడినకొద్దీ ఇది మొండికేస్తుందనీ ఝాన్సీ గారికి చెప్పాడు. అదృష్టం ఉంటే వస్తుంది, ఒక దెబ్బ ఎక్కువైతే చీలిపోతుంది, చీలితే ఇక పాత ఇనుములోకే అన్నాడు. ఆవిడ ఆలోచించుకుని, మీ చేతిలో పెట్టాను, మీ ఇష్టం అంది.

మొదటి రెండు రోజులూ అతను ఒక్కడే నాతో పోరాడాడు. దాగలిగా వాడే చింతమొద్దులో నా ఉబ్బుకి సరిపడా గాడి చెక్కి, నన్ను బోర్లా పడుకోబెట్టి, వెనకనుంచి సన్నమూతి సుత్తితో తట్టాలి. అందులో కష్టమేమీ లేదు. కష్టమల్లా పట్టుకోవడంలో ఉంది. నా ముఖం కిందికి ఉంటుంది కాబట్టి, సొట్ట సరిగ్గా ఎక్కడుందో కొట్టేవాడికి కనబడదు. ఒకరు కింద వేలు పెట్టి తడిమి, ఇదిగో ఇక్కడ అని జరిపి పట్టుకోవాలి, ఇంకొకరు కొట్టాలి. వీరభద్రం మనిషిని పిలవలేదు. నన్ను వైసు అనే ఇనప పట్టులో బిగించాడు. ఆ ఇనప దవడల మధ్య నేను ఒకచోట లేస్తే ఇంకోచోట మెలిక తిరిగాను. రెండో రోజు సాయంత్రానికి నా అంచు మీద కొత్త గాట్లు రెండు పడ్డాయి. అతను సుత్తి కింద పెట్టి చాలాసేపు కాలవ వైపు చూస్తూ కూర్చున్నాడు.

భార్య చిట్టెమ్మ టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. ఎవరినన్నా పట్టుకోమనకూడదా అని అడిగింది. పదకొండేళ్ళుగా అతను జవాబు చెప్పని ప్రశ్న అదేనని నాకు మర్నాడు తెలిసింది.

పొద్దున్నే భర్త గడ్డం గీయించుకోవడానికి వెళ్ళగానే చిట్టెమ్మ నన్ను పంచెలో చుట్టి, చంకలో పెట్టుకుని, కాలవ వంతెన దాటి నడిచింది. వంతెన అవతల గేట్లకి వెల్డింగు చేసే చిన్న షాపు ఉంది. అది వీరభద్రం తమ్ముడు కామేశానిది. అన్నకీ తమ్ముడికీ మధ్య ఉన్న దూరం నాలుగు వందల అడుగులు. పదకొండేళ్ళలో ఇద్దరిలో ఎవరూ దాన్ని దాటలేదు.

వాళ్ళ కథ ఆవిడ దారిలో నాకు చెప్పలేదు, వస్తువులకి ఎవరూ ఏమీ చెప్పరు. కానీ తరవాత ఆ షెడ్డులో విన్న ముక్కలన్నీ కలుపుకుంటే ఇదీ జరిగింది. చిన్నప్పటి నుంచీ కామేశం పట్టుకునేవాడు, వీరభద్రం కొట్టేవాడు. ఒక సత్రం కోసం పెద్ద గుండిగ చేస్తున్న రోజు, రోడ్డు మీద ఎవరో పలకరిస్తే వీరభద్రం తల తిప్పి నవ్వాడు. చెయ్యి మాత్రం ఆగలేదు. పెద్ద సుత్తి తమ్ముడి ఎడమ బొటనవేలి మీద పడింది. ఎముక పిండైపోయింది. ఆస్పత్రి దగ్గర చేరిన జనం ఎలా జరిగిందని అడిగితే, వీరభద్రం నోట ఒక మాట వచ్చేసింది: "వాడే చెయ్యి అడ్డం పెట్టాడు." భయంతో అన్నాడో, సిగ్గుతో అన్నాడో. లోపల మంచం మీద ఉన్న కామేశం విన్నాడు. వేలు మూడు నెలల్లో ఏదో విధంగా మానింది. మాట మానలేదు. అతను అన్నతో తగువు కూడా పడలేదు. తన సామాను తీసుకుని వంతెన దాటాడు.

ఆ రోజునుంచీ వీరభద్రం తన సుత్తి కింద మరో మనిషి చెయ్యి పెట్టనివ్వలేదు.

కామేశం పొట్టిగా, గుండ్రంగా, అన్నకి ఏ పోలికా లేకుండా ఉంటాడు. వదినని చూసి వెల్డింగు ఆపి, కుర్చీ తుడిచి వేశాడు. ఆవిడ నన్ను అతని ఒళ్ళో పెట్టింది. అతను బొటనవేలితో, గోరు లేని, చదునైపోయిన ఆ వేలితో, నా పొడుగునా నెమ్మదిగా తడిమాడు. నన్ను ఎన్నో చేతులు ముట్టుకున్నాయి. తుడిచాయి, గీకాయి, పూలు కట్టాయి. అలా చదివిన చెయ్యి మాత్రం అదే మొదలు. అంచు మీది గాట్ల దగ్గర వేలు ఆగింది.

"వైసులో బిగించాడేంటి వదినా? పట్టుకోడానికి మనిషి లేడా?"

"మనుషులుంటారయ్యా. ఆయనే ఎవర్నీ రానివ్వడు. నీ తరవాత ఆ మొద్దు కాడ ఇంకెవరూ కూర్చోలేదు."

ఈ సంగతి కామేశానికి కొత్తది. పదకొండేళ్ళుగా అన్న తనని మర్చిపోయి ఇంకొకరితో హాయిగా పనిచేసుకుంటున్నాడని అతను అనుకుంటూ వచ్చాడు. నన్ను తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోయాడు. చివరికి, అన్నయ్యకి చెప్పొచ్చావా అని అడిగాడు. లేదంది. చెప్పకుండా వచ్చావని తెలిస్తే కోప్పడతాడేమో అన్నాడు. కోప్పడనీ, ఆ కోపమైనా వినబడితే ఇంట్లో మనిషున్నట్టుంటుంది అందావిడ.

ఇద్దరూ కలిసి వంతెన దాటారు. నేను కామేశం భుజం మీద ఉన్నాను. కాలవలో నీళ్ళు అప్పుడే వదిలారు. వెలుగు కింద నుంచి తేలి వచ్చి నా మీద వణికింది. ఒక్క క్షణం నేను మళ్ళీ తలుపు మీద ఉన్నాననీ, డాక్టరు గారి బండి గట్టు వెంట పోతోందనీ భ్రమపడ్డాను.

వీరభద్రం నున్నగా గీసిన గడ్డంతో షెడ్డులో నిలబడి, నా కోసం వెతుకుతున్నాడు. తమ్ముణ్ణి చూశాడు. తమ్ముడి భుజం మీద నన్ను చూశాడు. భార్య వైపు చూసి, చూపు దించుకున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. కామేశం చెప్పులు విప్పి, వైసు పక్కకి జరిపి, చింతమొద్దు దగ్గర మఠం వేసుకుని కూర్చున్నాడు. నన్ను గాడిలో బోర్లా పడుకోబెట్టి, చదునైన వేలు నా కింద పెట్టి వెతికి, కొంచెం జరిపి, వేలు తీసి, రెండు చేతులతో అదిమి పట్టాడు.

"ఇక్కడ," అన్నాడు.

వీరభద్రం ఎదురుగా కూర్చున్నాడు. సుత్తి ఎత్తాడు. ఎత్తిన సుత్తి అక్కడే ఉండిపోయింది.

ఆ క్షణం గురించి నాకు తెలిసినంత వాళ్ళిద్దరికీ కూడా తెలియదు, ఎందుకంటే వాళ్ళిద్దరి మధ్యా ఉన్నది నేనే. కింద నుంచి మొద్దు చల్లదనం, రెండు పక్కలా తమ్ముడి వేళ్ళలో కొట్టుకుంటున్న నాడి. అన్న ఎత్తిన సుత్తి నీడ నా వీపు మీద పడి అటూ ఇటూ ఊగుతోంది. దింపితే చెయ్యి మీద పడుతుందేమోనని అతనికి భయం. దింపకపోతే ఇంకెప్పటికీ దింపలేడు. వీరభద్రం నుదుటి మీంచి ఒక చెమటబొట్టు జారి నా బోలులో పడింది.

"నా వల్ల కాదురా," అన్నాడు. పదకొండేళ్ళ తరవాత తమ్ముడితో అన్న మొదటి మాట అది.

కామేశం చేతులు తీయలేదు. తల కూడా ఎత్తలేదు.

"కొట్టు అన్నయ్యా. నా చెయ్యి ఎక్కడుందో నాకు తెలుసు. నువ్వు ఇటు చూసి కొట్టు, చాలు."

సుత్తి దిగింది. ఎంత మెల్లగా దిగిందంటే, దూడ మూతి తగిలిందేమో అనుకున్నాను. మళ్ళీ దిగింది. కామేశం నన్ను ఎత్తి, తడిమి, వెంట్రుకవాసి జరిపాడు. ఇక్కడ. ఇంకోటి. ఇక్కడ. మధ్యాహ్నం దాకా ఆ ఒక్క మాటే. పదిసార్లు అన్నాక వీరభద్రం సుత్తి నీడ ఊగడం మానింది. యాభైసార్లు అన్నాక కామేశం మాట కూడా అనడం మానేశాడు, చేతి కదలిక చాలింది. ఒకచోట, విల్లులా వంగిన నడుం దగ్గర, నేను చీలిపోయేదాన్నే. లోపల సన్నగా ఏదో పిటపిటమంది. సుత్తి మళ్ళీ పడేలోగా కామేశం అరచెయ్యి చాచాడు. వీరభద్రం ఆగాడు. ఇద్దరూ వంగి, చెవులు దగ్గర పెట్టి, నన్ను వేలితో మీటి విన్నారు. ఇంకిక్కడ కొట్టకూడదనుకున్నారు. ఏ మాటా లేకుండానే అనుకున్నారు.

తరవాత ఆకురాయితో పైపైన పట్టారు. ఎత్తుగా ఉన్నచోట మెరుపొచ్చింది, పల్లంగా ఉన్నచోట మసక మిగిలింది. ఆ మసకల కోసం మళ్ళీ మొద్దు మీదికి. ఆ తరవాత నీళ్ళలో ముంచిన ఉప్పు కాగితం, ముతకది, దాని మీద సన్నది, దాని మీద ఇంకా సన్నది. మర్నాడు పొద్దున బఫింగు చక్రం. ఆ గుడ్డచక్రం తిరుగుతూ నా మీదుగా పోతున్నంతసేపూ నేను వెచ్చవెచ్చగా తేలిపోయాను. నేనెవరో, ఏ తలుపుదాన్నో మరిచిపోయాను. చక్రం ఆగేసరికి నా మీద వేపచెట్టు మొత్తం ఉంది, ఆకు ఆకుగా.

ఈ రెండు రోజులూ అన్నదమ్ములు పని గురించి తప్ప ఒక్క మాట మాట్లాడుకోలేదు. మధ్యాహ్నం చిట్టెమ్మ అన్నానికి పిలిస్తే, కామేశం తనకి క్యారేజీ ఉందని చెప్పి వంతెన దాటి వెళ్ళి, తిని వచ్చాడు. పని అతికింది, మనుషులు అతకలేదు. లోహాన్ని సరిచేసే చేతులకి మాటని సరిచేయడం రాకపోవడం నేను అంతకుముందు ఎరగను. నాకు దిగులేసింది. సాయంత్రం ఝాన్సీ గారు వచ్చి నన్ను తీసుకెళ్ళిపోతుంది, తమ్ముడు వంతెన దాటి వెళ్ళిపోతాడు, వీరభద్రం మళ్ళీ వైసు దగ్గర మిగిలిపోతాడు అనిపించింది.

ఝాన్సీ గారు నాలుగింటికి కారు వేసుకుని వచ్చింది. నన్ను అందుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. పాత కారు వచ్చి ఆగిందని రోడ్డు మీది వాళ్ళు చుట్టూ చేరారు. టీకొట్టు ఆయన, సైకిలు షాపు ఆయన, అరటిపళ్ళ ఆవిడ, అందరూ ఆ రోడ్డులో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళే. అందరూ నన్ను చేతులు మార్చుకుని చూశారు. మీ చేతిలో మహత్యం ఉందండీ వీరభద్రం గారూ అంది ఝాన్సీ గారు.

అంతమందిలో వీరభద్రం మాట్లాడడం అంతకుముందు ఎవరూ చూసి ఉండరు.

"నా చేతిలో ఏం లేదమ్మా. మా తమ్ముడు పట్టుకున్నాడు కాబట్టి అయ్యింది." ఆగాడు. అక్కడితో ఊరుకుంటాడని అందరూ అనుకున్నారు. "ఆ రోజు ఆస్పత్రి కాడ మీరందరూ ఉన్నారు. వాడే చెయ్యి అడ్డం పెట్టాడని చెప్పాను. అబద్ధం చెప్పాను. వాడి చెయ్యి ఉండాల్సిన చోటే ఉంది. నేనే అటు తిరిగి నవ్వుతా కొట్టాను."

టీకొట్టు ఆయన తల దించుకున్నాడు. ఆ రోజు రోడ్డు మీంచి పలకరించింది అతనే కాబోలు. కామేశం అన్న ముఖంలోకి చూడలేదు. వచ్చి నన్ను అందుకున్నాడు, కారు దగ్గరికి నడిచాడు, తలుపు ముందు గొంతుక్కూర్చుని నా ఒక కొసని మొదటి క్లిప్పు మీద పెట్టి అదిమాడు. నొక్కడానికి ఇంకో చెయ్యి కావాలి. వీరభద్రం వెళ్ళి రెండో కొస దగ్గర కూర్చున్నాడు. ఒక్కొక్క క్లిప్పూ టిక్కుమంటూ పట్టుకుంది. నేను నా తలుపు మీద ఉన్నాను.

కామేశం లేచి, చేతులు పంచెకి తుడుచుకుని, షెడ్డు వెనకవైపుకి చూశాడు.

"వదినా, అన్నం ఏమన్నా ఉందా?" అని అడిగాడు. "పొద్దుటినుంచీ ఏం తినలేదు."

అది అబద్ధమని నాకు తెలుసు. మధ్యాహ్నం క్యారేజీ తిని వచ్చిన అతని చేతులు వంకాయ కూర ఘుమఘుమలాడాయి. చిట్టెమ్మకి ఆ సంగతి తెలుసు, వీరభద్రానికీ తెలుసు. ఆవిడ లోపలికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. కాసేపటికి రెండు కంచాలు పెట్టిన చప్పుడు, చెంబుతో నీళ్ళు పోసిన చప్పుడు వినబడ్డాయి. పచ్చడి ఎక్కడుందే అని వీరభద్రం అడిగాడు. వాడికి మజ్జిగ మిరపకాయలు ఇష్టం, వెయ్యి అన్నాడు. ఇంత పొద్దుండగా అన్నమేంటో అని రోడ్డు మీది వాళ్ళు ఒక్కొక్కరే నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

ఝాన్సీ గారు కారులో కూర్చుని తాళం తిప్పబోయి ఆగింది. ముప్ఫై ఏళ్ళు, కదలండమ్మా, కదలండి, వెనక బళ్ళు ఆగిపోయాయి అని పక్కవాళ్ళని తొందరపెట్టిన మనిషి. ఆ సాయంత్రం మాత్రం రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, లోపల ఆ ఇద్దరూ తినడం అయ్యేదాకా, బండి స్టార్టు చెయ్యకుండా అలా కూర్చుండిపోయింది. ఎండ కాలవ మీదికి వాలుతోంది. నేనూ మెరవడం మరిచిపోయి వింటూ ఉండిపోయాను.